బాబాయ్ సిస్టమ్ ఇంకా బతికే ఉంది

ఎవరైనా "కొత్త ల్యాప్‌టాప్ కొనాలి, ఏది తీసుకోమంటావ్?" అని అడిగితే నేను ప్రాసెసర్ గురించి పెద్దగా మాట్లాడను. ఇప్పుడొచ్చే వాటిలో అది ఎలాగూ సరిపోయేంత ఉంటుంది. ఎక్సెల్, క్రోమ్, పిల్లల క్లాసులు, రాత్రిపూట ఓ సినిమా, ఇంతకు మించి మనలో చాలామంది దాంతో చేసే ఘనకార్యం ఏమీ లేదు. నేను అడిగేది వేరే. వెనక మూత విప్పితే ర్యామ్ (కంప్యూటర్ పనిచేస్తున్నప్పుడు వాడుకునే మెమరీ) మార్చుకోవడానికి స్లాట్ ఉందా, లేక బోర్డు మీదే సోల్డర్ చేసి, అంటే కరిగించిన లోహంతో అతికించేశారా? బ్యాటరీ స్క్రూలతో బిగించి ఉందా, జిగురుతో అతికించి ఉందా? అడిగినవాళ్లు నన్ను వింతగా చూసి "మనం విప్పేదేముంది, పాడైతే సర్వీస్ సెంటర్ ఉందిగా" అంటారు. ఆ మాట దగ్గరే నాకు తిక్క రేగుతుంది. ఈ పోస్టు ఆ తిక్క గురించే, కాస్త పొడుగైంది, ఓపిక ఉంటే చదవండి.

నాకు కంప్యూటర్ల పిచ్చి పట్టింది అసెంబుల్డ్ సిస్టమ్‌ల రోజుల్లో. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అని ఉంటుంది, సీటీసీ అంటేనే అందరికీ తెలుస్తుంది. ఇరుకు షాపులు, గుమ్మాల ముందు పేర్చిన క్యాబినెట్ డబ్బాలు, కాళ్లకు అడ్డం పడే థర్మోకోల్ ముక్కలు, క్యాలిక్యులేటర్ టకటకా నొక్కుతూ కొటేషన్ రాసిచ్చే కుర్రాడు. ఆ కాగితం పట్టుకుని పక్క షాపుకు వెళ్తే మదర్‌బోర్డు దగ్గర వంద తగ్గేది, అక్కణ్ణుంచి ఇంకో షాపుకు వెళ్తే ర్యామ్ దగ్గర యాభై తగ్గి ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) దగ్గర రెండొందలు పెరిగేది. సాయంత్రానికి ఎవడు మోసం చేస్తున్నాడో తేలకపోయినా, కంప్యూటర్‌లో ఏమేం ఉంటాయో మాత్రం పూర్తిగా తెలిసిపోయేది. ఒక కంపెనీ బోర్డు, ఇంకో కంపెనీ డబ్బా, మూడో కంపెనీ పవర్ సప్లై, అన్నీ కలిపి బిగిస్తే సరిపోవడం అప్పట్లో నాకు మామూలు విషయంలా అనిపించింది గానీ, అదేమీ ఊరికే జరగలేదు. ఇంటెల్ 1995లో ఏటీఎక్స్ అని ఒక కొలతల లెక్క తెచ్చింది, బోర్డుకు స్క్రూ రంధ్రాలు ఎక్కడ ఉండాలి, పవర్ కేబుల్ ఎలా ఉండాలి అని. దాన్ని అందరూ పాటించారు. ఆ స్క్రూ రంధ్రాలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. ఇరవై ఏళ్ల కిందటి ఏటీఎక్స్ డబ్బా ఇంట్లో పడి ఉంటే అందులో ఇవాళ్టి బోర్డు బిగించుకోవచ్చు, గాలి సరిగ్గా ఆడదనే గొడవ తప్ప.

రిపేర్లు కూడా అలాగే ఉండేవి. ఆన్ చేస్తే తెర నల్లగా ఉండిపోయి లోపల్నుంచి బీప్ బీప్‌మని మోత వచ్చిందంటే ముందు ర్యామ్‌ను అనుమానించాలి. స్టిక్ ఊడదీసి, కింది అంచున ఉండే బంగారు రంగు కాంటాక్టులను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, పొట్టు ఊదేసి, క్లిప్పులు టక్కుమనేదాకా మళ్లీ గుచ్చితే చాలా కేసులు అక్కడితోనే సరి. ఇది ఉత్త నమ్మకం కాదు. దుమ్మూ, తేమకు పట్టిన సన్నటి పొరా పోయి కరెంటుకు దారి దొరుకుతుంది, అంతే. తేదీ వెనక్కి వెళ్లిపోతుంటే బోర్డు మీది గుండీ బ్యాటరీ అయిపోయినట్టు. సీఆర్2032, 3 వోల్టులది, వాచీల షాపులో కూడా దొరుకుతుంది. ఈ బ్యాటరీ చచ్చిపోతే వచ్చే తమాషా ఇప్పటికీ జరుగుతూనే ఉంటుంది. కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్ తన పుట్టిన సంవత్సరానికి వెళ్లిపోతుంది, వెబ్‌సైట్ల సెక్యూరిటీ సర్టిఫికెట్ల తేదీలు దానికి భవిష్యత్తులో ఉన్నట్టు కనిపిస్తాయి, బ్రౌజర్ ఏ సైటునూ తెరవనంటుంది. మా అపార్ట్‌మెంట్‌లో ఒక పెద్దాయన దీనికి నెట్ కనెక్షన్ కుర్రాడితో గొడవ పెట్టుకుని రౌటర్ కూడా మార్పించాడు. ఆ గుండీ బ్యాటరీ ఖరీదు టీ, సమోసా అంత.

2000ల మొదట్లో వచ్చిన బోర్డుల్లో చాలావాటికి ఇంకో జబ్బు కూడా ఉండేది. కెపాసిటర్ల (బోర్డు మీద కరెంటును సర్దే చిన్న గొట్టాల్లాంటి భాగాలు) లోపలి ద్రవం నాసిరకం కావడంతో కొన్నేళ్లకు వాటి తలలు ఉబ్బి, పగిలి, గోధుమరంగు పాకంలా కారేది. పెద్ద పెద్ద కంపెనీల బోర్డులు కూడా దీని బారిన పడ్డాయి. సిస్టమ్ మధ్యలో రీస్టార్ట్ అవుతుంటే మూత తెరిచి కెపాసిటర్ల తలలు చదునుగా ఉన్నాయా ఉబ్బాయా అని టార్చ్ వేసి చూడటం అలవాటైపోయింది. ఉబ్బినవి తీసి అదే విలువ ఉన్న కొత్తవి పెడితే బోర్డు మళ్లీ ఏళ్ల తరబడి నడిచేది. ఆ పని తెలిసిన రేడియో, టీవీ మెకానిక్కులు ప్రతి ఊళ్లో ఉండేవాళ్లు.

ఇప్పుడు మా బాబాయ్ సంగతి. తెనాలిలో ఆయనకు చిన్న డీటీపీ సెంటర్, అంటే కంప్యూటర్‌లో పేజీలు కూర్చి అచ్చుకు సిద్ధం చేసే షాపు. శుభలేఖలు, ఓణీల ఫంక్షన్ కార్డులు, పెద్దకర్మ కార్డులు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు, ఎలక్షన్లొస్తే రాత్రుళ్లు కూడా పని. అక్కడ ఉన్నది పెంటియమ్ 4 సిస్టమ్, విండోస్ ఎక్స్‌పీ, పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7, తెలుగుకు అను ఫాంట్లు, పక్కన హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ప్రింటర్. డీటీపీ తెలిసినవాళ్లకు ఈ జాబితా చదవగానే నవ్వొస్తుంది, ఎందుకంటే ఆంధ్రాలో, తెలంగాణలో ఏ ఊరికి వెళ్లినా ఆ కాలంలో ఇదే సెట్టు. నవ్వు ఆపుకుని ఆలోచిస్తే ఆశ్చర్యం వేస్తుంది, ఎందుకంటే ఇది ఇప్పటికీ నడుస్తోంది, డబ్బు సంపాదిస్తోంది.

"ఏరా, నీ కొత్తదాంట్లో నా ఫైళ్లు తెరుచుకుంటాయా?" అని అడిగాడు ఒకసారి.

"తెరుచుకోవు బాబాయ్."

"మరి దాంతో నాకేం పని?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఎందుకు తెరుచుకోవో మాత్రం చెప్పగలను. అను లాంటి పాత ఫాంట్లలో తెలుగు అక్షరం అసలు తెలుగు అక్షరంగా దాచబడదు. ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన చోట్లలో అచ్చులు, హల్లుల ముక్కలు, వత్తులు, గుణింతాల బొమ్మలు కూర్చోబెట్టారు. ఫాంట్ ఉన్నంతసేపూ చక్కటి తెలుగు. ఫాంట్ తీసేస్తే పిచ్చి పిచ్చి ఇంగ్లీషు గుర్తుల కుప్ప. వాట్సాప్‌లో పేస్ట్ చేయలేం, వెతకలేం. అన్ని భాషల అక్షరాలకూ విడివిడిగా నంబర్లు ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే సొంత చోటు దొరికింది గానీ, ఆ చోటు ఉండటం వేరు, ముద్రణ సాఫ్ట్‌వేర్‌లు దాన్ని సరిగ్గా చూపించడం వేరు. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియనే తెలియదు. అడోబీ దాన్ని 2001లో ఏడో వెర్షన్ దాకా తెచ్చి, 2004లో ఇక అభివృద్ధి చేయం అని చెప్పేసింది. ఆ ఫైళ్లను తెరవగలిగే అడోబీ తర్వాతి సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ కూడా సీఎస్6 వెర్షన్ దాకానే, తర్వాతి వెర్షన్లు వాటిని పట్టించుకోవు. ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, మామూలు వచనానికి పనికొస్తాయి. శుభలేఖ పైన వంపు తిరిగిన శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు డిజైన్‌కు మాత్రం ఏ కన్వర్టరూ పనికిరాదు.

కాబట్టి ఆ సిస్టమ్ బతకాలి. బతికించే పని నాది. ఎస్ఎంపీఎస్ మార్చాం, కెపాసిటర్లు మార్పించాం, ఫ్యాన్ మార్చాం. హార్డ్ డిస్క్ గరగరా శబ్దం చేయడం మొదలెట్టినప్పుడు డిస్క్ తగిలించే పాతరకం ఐడీఈ పోర్టుకు ఒక చిన్న కన్వర్టర్ తగిలించి మామూలు సాటా ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేకుండా చిప్పులతో పనిచేసే డిస్క్) పెట్టాం. ఎక్స్‌పీకి ఎస్ఎస్‌డీలంటే ఏమిటో తెలియదు, చెరిపేసిన చోట్ల గురించి డిస్క్‌కు చెప్పే ట్రిమ్ అనే ఏర్పాటు అందులో లేదు. అయినా రోజుకు నాలుగు కార్డులు సెట్ చేసే పనికి అదేమీ అడ్డం కాదు. ఎక్స్‌పీకి సెక్యూరిటీ అప్‌డేట్లు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి గనుక దానికి నెట్ కేబుల్ తగిలించం. పెన్‌డ్రైవ్ ఏదైనా ముందు నా దగ్గరి లినక్స్ (విండోస్‌కు బదులు వాడే ఉచిత సిస్టమ్) ల్యాప్‌టాప్‌లో గుచ్చి చూడాలని రూల్ పెట్టాను. ఆయన పాటించడు, అది వేరే సంగతి. డిస్క్ మొత్తాన్నీ ఒక ఇమేజ్ ఫైలుగా కాపీ చేసి, కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపే వర్చువల్‌బాక్స్‌లో పెడితే నా ల్యాప్‌టాప్ లోపల ఒక కిటికీలో బాబాయ్ షాపు మొత్తం లేచి కూర్చుంది, పేజ్‌మేకర్ తెరుచుకుంది, పాత శుభలేఖలన్నీ అక్షరం చెదరకుండా కనిపించాయి.

అది చూసినప్పుడు ఒకటి అర్థమైంది. ఆ సాఫ్ట్‌వేర్ ఎందుకు ఇంకా నడుస్తోందంటే, అది నడవడానికి ఎవరి అనుమతీ అడగదు. సీరియల్ నంబర్ కొడితే చాలు, ఆ తర్వాత కంపెనీ ఉన్నా లేకపోయినా దానికి అనవసరం. అదే అడోబీ 2013 నుంచి నెలసరి చందా పద్ధతికి వెళ్లింది. ఇవాళ ఒక కుర్రాడు డీటీపీ సెంటర్ పెట్టి చందా సాఫ్ట్‌వేర్‌లో కార్డులు చేస్తున్నాడనుకోండి, ఇంకో ఇరవై ఏళ్లకు ఆ ఫైళ్ల గతేమిటి? కంపెనీ సర్వర్ అప్పటికి "నువ్వెవరు?" అని అడిగితే చెప్పుకోవడానికి ఏముంటుంది? చందా కట్టడంలో తప్పేమీ లేదు, నేనూ రెండు మూడు వాటికి కడుతున్నాను. కానీ కొన్నామనుకోవడం మాత్రం మానేశాను.

ప్రింటర్ గురించి చెప్పకుండా వదిలేస్తే ఆయన ఊరుకోడు. లేజర్‌జెట్ 1020 అంటే డీటీపీవాళ్లకు ఒక రకమైన భక్తి. 12ఏ కాట్రిడ్జ్, ఎన్నిసార్లయినా పౌడర్ నింపుకోవచ్చు, ట్రేసింగ్ పేపర్ మీద నల్లగా, పదునుగా వేస్తుంది, ఆఫ్‌సెట్ ప్లేటుకు అదే కావాలి. రోలర్, ఫిల్మ్, బ్లేడు, అన్నీ విడిగా దొరుకుతాయి. దానికీ ఒక మెలిక ఉంది మరి. ఆ ప్రింటర్‌కు సొంత తెలివి నిలవదు. ఆన్ చేసిన ప్రతిసారీ తనను నడిపే ఫర్మ్‌వేర్‌ను కంప్యూటరే దానికి పంపాలి. డ్రైవర్ లేని కంప్యూటర్‌కు తగిలిస్తే అది ఉత్త డబ్బా. లినక్స్‌లో అయితే హెచ్‌పీ ఇచ్చే ప్లగిన్ విడిగా డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాలి. ఇనుము, ప్లాస్టిక్ ఎంత గట్టివైనా ఆ చిన్న ఫైలు లేకపోతే కదలదు. అందుకే ఆ డ్రైవర్ సీడీని నేను నాలుగు చోట్ల కాపీ చేసి దాచాను.

ఫోన్ల విషయంలో నాకు బాగా నచ్చిన వస్తువు ఫోన్ కాదు, బ్యాటరీ. నోకియా బీఎల్-5సీ. 1100లో అదే, 6600లో అదే, ఇంకా బోలెడు మోడళ్లలో అదే. ఇంట్లో రెండు నోకియాలు ఉంటే ఒకదాని ఛార్జింగ్ అయిపోగానే రెండోదాని బ్యాటరీ తీసి వేసుకునేవాళ్లం. 2007 ఆగస్టులో గుర్తుందా, జపాన్ కంపెనీ మత్సుషితా తయారు చేసిన 4 కోట్ల 60 లక్షల బీఎల్-5సీ బ్యాటరీలు వేడెక్కే ప్రమాదం ఉందని నోకియా ప్రకటించింది. ఆ వారం బస్సుల్లో, ఆఫీసుల్లో, కిళ్లీకొట్ల దగ్గర ఎక్కడ చూసినా జనం ఫోన్ వెనక మూత తీసి బ్యాటరీ మీది నంబరు చదువుకుంటూ కనిపించారు. పేలిపోతుందని పుకార్లు, టెన్షన్, టీవీల్లో అదే గోల. కానీ ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, అన్ని కోట్ల వస్తువుల్లో ఒక భాగం తేడా అని తెలిసినప్పుడు జనం చేసిన పని గోటితో మూత తీసి చూసుకోవడం. లోపం ఉంటే ఆ ఒక్క ముక్క మార్పించుకోవడం. 2016లో శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 బ్యాటరీలకు నిప్పంటుకున్నప్పుడు మొత్తం ఫోన్లనే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది, మోడలే ఆపేశారు. ఇక బీఎల్-5సీ అయితే నోకియా ఫోన్లు పోయినా బతికింది. రోడ్డు పక్కన అమ్మే చిన్న ఎఫ్‌ఎం రేడియోలూ, పెన్‌డ్రైవ్ పెట్టుకుని పాటలు వినే బుల్లి స్పీకర్లూ విప్పి చూడండి, చాలావాటిలో అదే సైజు బ్యాటరీ ఉంటుంది.

లిథియం బ్యాటరీ అరిగిపోవడం లోపం కాదు, దాని స్వభావం. పూర్తిగా నింపి ఉంచితే, వేడిలో ఉంచితే ఇంకా త్వరగా అరుగుతుంది. మన ఎండాకాలం, రోజంతా ఛార్జర్‌కు తగిలించి ఉంచే ల్యాప్‌టాప్, ఈ రెండూ కలిస్తే బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేవడం నేను చాలా ఇళ్లలో చూశాను. (ఉబ్బితే వాడకండి, గుచ్చకండి, దగ్గర పెట్టుకుని నిద్రపోకండి. 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే సెట్టింగ్ ఇప్పుడు చాలా ల్యాప్‌టాప్‌లలో ఉంది, వెతికి పెట్టుకోండి.) అరిగిపోతుందని ముందే తెలిసిన భాగాన్ని జిగురుతో అతికించడం ఏమిటి అన్నదే నా ప్రశ్న. ఆపిల్ 2017 డిసెంబరులో ఒప్పుకుంది, బ్యాటరీ పాతబడిన ఐఫోన్లను హఠాత్తుగా ఆగిపోకుండా ఉండటానికి సాఫ్ట్‌వేర్‌తో నెమ్మది చేశామని. కారణం సాంకేతికంగా సబబే, అరిగిన బ్యాటరీ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇవ్వలేదు. కానీ చెప్పకుండా చేశారు. ఫోన్ స్లో అయింది, కొత్తది కొనాలి అనుకున్నవాళ్లలో ఎంతమందికి బ్యాటరీ మార్చుకుంటే సరిపోయేదో! గొడవయ్యాక బ్యాటరీ మార్పిడి ధరను అమెరికాలో 79 డాలర్ల నుంచి 29కి తగ్గించారు.

ల్యాప్‌టాప్‌ల దగ్గరికి వస్తే, నేను వాడేది సెకండ్‌హ్యాండ్. కంపెనీలు లీజుకు తీసుకుని మూడు నాలుగేళ్లు వాడి వదిలేసిన బిజినెస్ మోడళ్లు రీఫర్బిష్డ్ అని అమ్ముతారు, సీటీసీలో కూడా ఇప్పుడు అవే వరుసలు వరుసలుగా కనిపిస్తాయి. అందంగా ఉండవు. కానీ మూత మామూలు స్క్రూడ్రైవర్‌తో వస్తుంది, కీబోర్డు విడిగా దొరుకుతుంది, సర్వీస్ మాన్యువల్‌ను కంపెనీయే నెట్‌లో పెడుతుంది. హార్డ్ డిస్క్ ఉన్న పాత ల్యాప్‌టాప్ ఏదైనా మీ ఇంట్లో ఏడుస్తూ నడుస్తుంటే ప్రాసెసర్‌ను తిట్టకండి. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కులు ఎక్కువగా నిమిషానికి 5400 సార్లు తిరుగుతాయి, అంటే ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావాల్సిన చోటు సూది కిందికి రావడానికి సగటున అందులో సగం, సూది అక్కడిదాకా జరగడానికి ఇంకో పది పన్నెండు. ఇలా చిన్న చిన్న ముక్కలు సెకనుకు వంద కూడా చదవలేదు. విండోస్ లేచేటప్పుడు వేల ముక్కలు అడుగుతుంది. ఎస్ఎస్‌డీలో తిరిగేదీ జరిగేదీ లేదు గనుక చౌకరకం కూడా సెకనుకు వేలల్లో చదివేస్తుంది. ఈ ఒక్క మార్పుతో అమ్మ వాళ్ల ల్యాప్‌టాప్‌కు ఎన్నో ఏళ్ల ఆయుష్షు పెరిగింది. మూత తెరుచుకుంది కాబట్టి పెరిగింది.

మా చెల్లి ల్యాప్‌టాప్ అలా కాదు. సన్నగా, ముద్దుగా, అట్టముక్కలా ఉంటుంది. ర్యామ్ సోల్డర్ చేసినది. వారంటీ అయిపోయిన కొన్నాళ్లకే మెమరీలో తేడా వచ్చి తెర నీలంగా మారడం మొదలైంది. పాత పద్ధతిలో అయితే స్టిక్ మార్చేస్తే పోయేది. సర్వీస్ సెంటర్‌వాళ్లు "బోర్డు మొత్తం మార్చాలి మేడమ్" అని చెప్పిన ధర విని అది "ఇంకొంచెం వేస్తే కొత్తదే వస్తుంది కదన్నయ్యా" అంది. నిజమే, ధర అలా పెట్టడంలోనే ఉంది కిటుకంతా. కంపెనీ పేరు చెప్పను, ఏ కంపెనీ అయినా అంతే చెప్పేది.

సోల్డర్ చేయడానికి కారణాలు లేవని కాదు. ఎల్పీడీడీఆర్ అనే తక్కువ కరెంటు తాగే మెమరీ ప్రాసెసర్‌కు బాగా దగ్గరగా ఉండాలి, స్లాట్ పెడితే తీగల దూరం పెరిగి ఆ వేగం నిలవదు. బ్యాటరీ ఎక్కువసేపు రావాలని అడిగేది మనమే, సన్నగా ఉండాలని అడిగేదీ మనమే. కానీ ఇంజనీర్లు తలుచుకుంటే దీనికీ దారి ఉంది. ఎల్పీక్యామ్2 అని బోర్డు మీద పరుచుకుని స్క్రూలతో బిగించే మెమరీ పలక వచ్చింది, లెనోవో 2024లో థింక్‌ప్యాడ్ పీ1లో పెట్టింది కూడా. సన్నదనం, వేగం, మార్చుకునే వీలు, మూడూ కుదిరాయి. ఖరీదైన మోడళ్లను దాటి మామూలు ల్యాప్‌టాప్‌లలోకి ఎప్పుడొస్తుందో చూడాలి.

ఇంతా చెప్పి అప్‌డేట్లన్నీ దండగ, పాతదే బంగారం అనే బ్యాచ్‌లో నన్ను చేర్చకండి. తెలుగువాడిగా నేనా మాట అనలేను. ఎక్స్‌పీలో గౌతమి ఫాంట్ ఉన్నా వత్తులు, గుణింతాలను సరిగ్గా పేర్చే కాంప్లెక్స్ స్క్రిప్ట్ సపోర్ట్ విడిగా ఇన్‌స్టాల్ చేసుకుంటే తప్ప తెలుగు సరిగ్గా కనిపించేది కాదు, అది కూడా విండోస్ సీడీ పెట్టమని అడిగేది, సీడీ ఏమో షాపువాడి దగ్గర ఉండేది. తొలి ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు అంటే వరుసగా ఖాళీ డబ్బాలే. ఒపేరా మినీలో అడ్రస్ బార్‌లో కాన్ఫిగ్ అని కొట్టి, బిట్‌మ్యాప్ ఫాంట్ల ఆప్షన్ ఆన్ చేసుకుంటే సర్వర్ తెలుగును బొమ్మలుగా మార్చి పంపేది, ఆ చిట్కా అప్పట్లో ఒకరి నుంచి ఒకరికి పాకింది. 2012లో ఆండ్రాయిడ్ 4.1 వచ్చాక తెలుగు మద్దతు వచ్చింది. ఆ అప్‌డేట్ రాని ఫోన్లు డబ్బాలు చూపిస్తూనే రిటైరయ్యాయి. సాఫ్ట్‌వేర్ మారకపోతే మనం ఇలా ఫోన్‌లో తెలుగు టైపు చేసుకుంటూ వాదించుకునేవాళ్లం కాదు.

అలాగని సాఫ్ట్‌వేర్ మన అక్షరాలను మర్యాదగా చూసుకుంటోందనుకుంటే 2018 ఫిబ్రవరి గుర్తు చేసుకోండి. జ్ఞా అనే అక్షరాన్ని ఒక ప్రత్యేకమైన కనిపించని గుర్తుతో కలిపి మెసేజ్ పంపితే ఐఫోన్‌లో ఆ యాప్ కుప్పకూలిపోయేది, నోటిఫికేషన్‌లో వస్తే ఫోనే మొరాయించేది. ప్రపంచమంతా 'తెలుగు అక్షరం' అని వార్తలు రాసింది. జ కింద ఞ వత్తు, దానికి దీర్ఘం, మధ్యలో అతకకుండా ఆపే గుర్తు, ఈ కలయికను అక్షరాలు పేర్చే ప్రోగ్రామ్ లెక్కలోకి తీసుకోలేదు. కొద్ది రోజుల్లో ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేశారు. అప్పుడు ఆఫీసులో వేరే భాషలవాళ్లు నా దగ్గరికొచ్చి "మీ అక్షరం పంపకు బాబూ" అని ఆటపట్టించేవాళ్లు. నాకు మాత్రం లోపల చిన్న గర్వం లాంటిది ఉండేది, ఎందుకో చెప్పలేను.

కాబట్టి అప్‌డేట్ కావాలి, ఎన్నాళ్లిస్తారో ముందే చెప్పాలి. పిక్సెల్ 8తో 2023లో గూగుల్, గెలాక్సీ ఎస్24తో 2024లో శాంసంగ్ ఏడేళ్లు ఇస్తామన్నాయి, మంచిదే. మనలో ఎక్కువమంది కొనే పదిహేను వేల ఫోన్ల మాటేమిటి? అక్కడ లెక్క మోడల్‌ను బట్టి మారిపోతుంది, డబ్బా మీద కెమెరా మెగాపిక్సెళ్లు వేసినంత పెద్ద అక్షరాల్లో ఆ సంవత్సరాలు వేయరు. యూరోపియన్ యూనియన్ అయితే చట్టం చేసి మెడలు వంచుతోంది. 2024 డిసెంబరు 28 నుంచి అక్కడ అమ్మే ఫోన్లకు యూఎస్‌బీ-సీ తప్పనిసరి, 2027 ఫిబ్రవరి నుంచి బ్యాటరీలను వాడేవాళ్లే మార్చుకునేలా ఉంచాలన్న నిబంధన కూడా రాబోతోంది, కొన్ని మినహాయింపులతో. మన దగ్గర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న రైట్ టు రిపేర్ పోర్టల్ ప్రారంభించింది, కంపెనీలు మాన్యువళ్లూ, విడిభాగాల వివరాలూ అందులో పెట్టాలని. పోర్టల్ మంచి మొదలే. తెనాలిలో మెకానిక్‌కు విడిభాగం చేతికందినప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.

ఇప్పుడు అందరి ఇళ్లలోనూ ఉన్న గొడవ విండోస్ 10. 2025 అక్టోబరు 14తో దానికి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ అయితే సుమారుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ లేదా ఆపైది ఉండాలి. ఏడో తరం ఐ7తో, 16 జీబీ ర్యామ్‌తో పరుగెత్తుతున్న యంత్రాన్ని కూడా పనికిరాదంటుంది, కొత్త చౌకరకం ల్యాప్‌టాప్‌ను మాత్రం రా రమ్మంటుంది. పాతవాళ్లకు 2026 అక్టోబరు దాకా ఒక ఏడాది పొడిగింపు ఇచ్చారు, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ పెట్టుకుంటే డబ్బు కట్టనక్కర్లేదు. ఇది చాలామందికి తెలియదు, సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలోనే ఉంటుంది, నమోదు చేసుకోండి. నాన్న ల్యాప్‌టాప్‌లో నేను లినక్స్ మింట్ ఎక్కించాను. యూట్యూబ్, పేపరు, జూమ్‌లో మనవరాలు, ఈ మూడింటికీ తేడా తెలియలేదు ఆయనకు. తెలుగు టైపింగ్‌కు ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక పెట్టిచ్చాను, అది నేర్చుకోనని ఫోన్‌లో మాట్లాడి టైపు చేయిస్తున్నాడు.

చివరగా ఒక హెచ్చరిక, ఇది తొందరగా చదవాల్సింది. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులను ఊడ్చుకుపోతుండటంతో 2025 చివర్నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. మైక్రాన్ అయితే 2025 డిసెంబరులో క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మే ర్యామ్, ఎస్ఎస్‌డీ వ్యాపారమే మూసేస్తున్నట్టు ప్రకటించింది. మేం ఇన్నేళ్లూ ఎవరి కంప్యూటర్ బాగుచేసినా కళ్లు మూసుకుని చెప్పిన పేరు అది. ఇలాంటప్పుడు షాపువాళ్లు 8 జీబీ సోల్డర్ చేసినవి తగ్గింపు ధర అని అంటగట్టడం ఎక్కువవుతుంది. స్లాట్ ఉన్నది కొంటే ఇప్పుడు 8తో సరిపెట్టుకుని ధరలు దిగాక ఇంకో 8 వేసుకోవచ్చు, లేనిది కొంటే ఆ 8తోనే దాని ఆయుష్షు తీరిపోతుంది. మోడల్ పేరు ఒకటే అయినా లోపల స్లాట్ ఉన్న రకం, లేని రకం వేరువేరుగా ఉంటాయి, కాబట్టి మోడల్ నంబరు పూర్తిగా, చివరి అక్షరాలతో సహా రాసుకుని కంపెనీ సైట్‌లో స్పెసిఫికేషన్ పేజీ తెరిచి మెమరీ వరుస చదవండి. 'ఆన్‌బోర్డ్' అని ఉంటే సోల్డర్ చేసినట్టు, 'సోడిమ్' అని ఉంటే స్లాట్ ఉన్నట్టు. కొన్నిట్లో కొంత సోల్డర్ చేసి ఒక స్లాట్ వదులుతారు, అదీ పర్లేదు. షాపులో కుర్రాడు "అన్నీ అప్‌గ్రేడ్ అవుతాయి సార్" అంటే బిల్లు మీద రాసిమ్మనండి, రాయనంటే పక్క షాపుకు నడవండి.